ధాత్రి పెళ్ళిలో పోసినవాడు

నజ్మా, దోహా
14 నవంబర్ 2024, గురువారం

శివకుమారి అక్కకు ఓబులయ్య నమస్కారాలు.

ఎండ తగ్గింది. సాయంత్రం గాలి చల్లగా ఉంది. ఏసీ ఫిల్టరు విప్పి కడిగి ఆరబెట్టాను.

నీకు చెవి వినపడకుండా పోయినప్పటి నుంచి మనకు ఈ కాగితాలే దిక్కు. నాకు ఇదే నయం. ఫోనులో నాకు మాట రాదు.

మన మేనత్త కొడుకు ఆనందరావు కూతురు ధాత్రి పెళ్ళి కుదిరింది. అబ్బాయి పేరు వరుణ్, ఇక్కడే ఇంజనీరు. ముహూర్తం ఫిబ్రవరి ఏడు, దోహాలోనే. ముందు రోజు సాయంత్రం హోటల్లో విందు. ఈ దేశంలో పదిమందిని పిలిచి మందు పోయాలంటే అలాంటి పెద్ద హోటలే కావాలి. అక్కడ ఒక గ్లాసు ఖరీదుతో నేను నాలుగు రోజులు తింటాను. ఆనందు నన్ను ముఐథర్‌లో తన ఇంటికి పిలిచి సలహా అడిగాడు.

"బావా, నువ్వు లెక్కల మనిషివి. భోజనం ఖర్చు నాది. తాగేది ఎవరిది వాళ్ళు కొనుక్కుంటే తప్పా?"

"పెళ్ళికి పిలిచి డబ్బులడిగినారని ఊరంతా నవ్వుతుంది" అంది ఆనందు భార్య ప్రతిమ. "మీరైనా చెప్పండి అన్నయ్యా."

నేను ఆలోచించి, తప్పు లేదన్నాను. పిలిచిన రెండు వందల మందిలో తాగేవాళ్ళు సగమే ఉంటారు. ఊరికే వస్తే మూడు గ్లాసులు తాగేవాడు, కొనాల్సివస్తే ఒకటితో ఆపుతాడు. పోయిన ఏడాది ఒకరి పెళ్ళిలో ఊరికే పోస్తే, పెళ్ళికొడుకు మేనమామ వేదిక మీద పడి పూలకమానులన్నీ విరగ్గొట్టాడు.

"అది! టోకెన్లు కొట్టిద్దాం. బల్ల దగ్గర నువ్వే కూర్చోవాల బావా. నిన్ను జూస్తే ఎవడూ అప్పు అడగడు" అని ఆనందు నవ్వాడు.

నీ అభిప్రాయం రాయి.

నీ తమ్ముడు
ఓబులయ్య

&nbsp;

నందలూరు
2 డిసెంబర్ 2024

ఓబులూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కోపం వచ్చింది. లెక్క బాగానే వేశావు. ఆ లెక్కలో మర్యాద ఎక్కడా కనపడలేదు.

మన ఇళ్ళల్లో పెళ్ళికి ముందు రోజు ఆడపిల్ల తండ్రి ఏం చేస్తాడో మరిచిపోయావా? తన చేత్తో అందరికీ పోస్తాడు. తాగేవాళ్ళకు కల్లు, తాగనివాళ్ళకు పానకం. "నా బిడ్డ పెళ్ళి, పుచ్చుకోండి" అంటాడు. తాగినవాళ్ళు "నీ బిడ్డ చల్లగా ఉండాలి" అంటారు. పదిమంది నోట ఆ మాట వచ్చినాకే ఆ బిడ్డ ఆయనదని, ఆయనే ఇస్తున్నాడని లెక్క. నా పెళ్ళికి నాన్న దగ్గర డబ్బు లేక అందరికీ పానకమే పోశాడు. అంతేగాని ఎవరినీ కొనుక్కోమనలేదు.

పోయవలసినవాడు కూర్చుంటే ఆ జాగా ఖాళీగా ఉండదురా. ఇంకొకరు వచ్చి నిలబడతారు. వచ్చేది బతికున్నవాళ్ళే అయివుండాలని లేదు. అమ్మ ఈ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. నేను ఉత్తరంలో గొంతు ఎట్లా తగ్గించను?

నేనెవరిని తలుచుకుంటున్నానో నీకు తెలుసు. ఆనందు అన్న అమర్. పెళ్ళి చేసుకోలేదు. దోహాలో గోడలకు సిమెంటు పూసి సంపాదించినదంతా తమ్ముడి చదువుకు పోశాడు. ధాత్రి పుట్టినప్పుడు సెలవు మీద వచ్చి నా వసారాలో కూర్చుని, "వదినా, దీని పెండ్లిలో నేనే పోస్తా, మా వాడు పక్కన నిలబడి సూడాల" అన్నాడు. ఆయన పోయి పదహారేళ్ళు కావస్తోంది. ఆ మాట పోయిందని నేననుకోను.

ఆనందుతో చెప్పు. ఒక్క వరసైనా సరే, తన డబ్బుతో, తన చేత్తో పోయమను.

శివకుమారి

&nbsp;

నజ్మా, దోహా
10 జనవరి 2025, శుక్రవారం

అక్కకు నమస్కారాలు.

పొద్దున దట్టంగా మంచు. పది గంటలకు గాని ఎదురు మేడ కనపడలేదు. దుప్పట్లు ఉతికాను, ఇంకా ఆరలేదు.

నీ మాట ఆనందుకు చెప్పాను. భోజనాల దగ్గర చెప్పాను, అందరూ ఉన్నారు. ఆనందు అన్నం కలుపుతూ నవ్వాడు.

"వదినకు చెప్పు బావా, ఇది నందలూరు కాదు, దోహా. నేను తట్ట పట్టుకుని పోస్తా తిరిగితే మా కంపెనీ వాళ్ళు నన్ను వెయిటర్ అనుకుంటారు."

"మరి అమర్ బావ అన్న మాట?"

"అమరన్న వస్తే రమ్మను. ఆయనైనా సరే, టోకెను కొనుక్కోవాల్సిందే."

ప్రతిమ "ఛీ, అవేం మాటలు" అని లేచి వెళ్ళిపోయింది. ధాత్రి మాత్రం తండ్రి వైపు చూస్తూ, "పెదనాన్నను అట్ల అనొద్దు నాన్నా" అంది. ఆ పిల్లకు ఆయన బాగా గుర్తు.

నేను గట్టిగా చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. అది పరాయి ఇల్లు, పైగా సలహా నాదే.

టోకెన్లు వచ్చాయి. రెండు వందలు. దొంగ టోకెన్లు రాకుండా ఒక్కొక్కదాని వెనకా నేనే సంతకం చేశాను. అన్నీ దారం కట్టి రేకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది.

ఓబులయ్య

&nbsp;

నజ్మా, దోహా
8 ఫిబ్రవరి 2025, శనివారం

అక్కా,

గాలి, దుమ్ము. చలి బాగా ఉంది. పెళ్ళికి కట్టిన పంచె ఉతికి ఆరేశాను.

పెళ్ళి జరిగింది. నిన్న ఆనందే పీటల మీద కూర్చుని కన్యాదానం చేశాడు. నా కళ్ళతో చూశాను, నా ఖర్చుల పుస్తకంలో రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో ముందు రోజు సంగతి చదివితే నీకే తెలుస్తుంది.

గురువారం ఆరున్నరకు హోటల్లో బల్ల వేసుకుని కూర్చున్నాను. పక్కన నా రూమ్మేటు ఫసీయుద్దీన్. కరీంనగర్ మనిషి, తాగడు, నాకు తోడు వచ్చాడు. ఏడైంది. ఏడున్నరైంది. ఒక్కరూ నా బల్ల దగ్గరికి రాలేదు.

"ఏం ఓబులన్నా, దుకాణం తెరిచి గంటాయె, బోణీ గాలే! అంత మాఫీ ఫులూస్ గాళ్ళనే, పైసల్లేనోళ్ళనే పిలిచిండా మీ బామ్మర్ది?" అన్నాడు ఫసీయుద్దీన్.

నవ్వి తలెత్తి చూస్తే హాల్లో అందరి చేతుల్లోనూ గ్లాసులున్నాయి. ఒకాయన్ను ఆపాను. కాకినాడ ఆయన, ఆనందు ఆఫీసే.

"టోకెను ఎక్కడ తీసుకున్నారండీ?"

"గుమ్మం దగ్గర పెద్దాయన ఇస్తున్నారు కదండీ! నేను పర్సు తీస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపేశారు. 'మా పాప పెండ్లి, మీరు డబ్బులు తీసేదేంది' అని కోప్పడ్డారు. ఈ రోజుల్లో అంత మర్యాద ఎక్కడుందండీ? అమ్మాయి చల్లగా ఉండాలని చెప్పొచ్చాను."

లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఎవరూ లేరు. తలుపు తీసే నేపాలీ మనిషిని అడిగితే, "ఇప్పటిదాకా నీ పక్కనే నిలబడి ఉన్నాడు కదా" అని హిందీలో అన్నాడు. అక్కడ తడి సిమెంటు వాసన వేసింది. ఆ హోటల్లో ఎక్కడా పని జరగడం లేదు.

తిరిగి వచ్చేసరికి ఫసీయుద్దీన్ చేతిలో నారింజరసం ఉంది. "నువ్వు అటు పోయినవ్, పెద్దాయన ఇటొచ్చిండు. తాగుతలేవా అని నాకు జూసు ఇప్పిచ్చిండు. మంచిగ మాట్లాడిండు" అన్నాడు.

విందు అయ్యాక హోటలు వాళ్ళు వాడిన టోకెన్లు తెచ్చి నా ముందు పోశారు. నూట నలభై మూడు. అన్నిటి వెనకా నా సంతకం ఉంది. నా పెట్టె తాళం తీశాను. నా రెండు వందలూ దారం కట్టినట్టే ఉన్నాయి.

మందు డబ్బు ఎవరు కట్టాలని అడిగితే మేనేజరు ఆశ్చర్యపోయాడు. సాయంత్రమే నగదుగా ముట్టిందట. రసీదు తెచ్చి చూపించాడు. చెల్లించినవారి పేరు దగ్గర "అమర్, వధువు తండ్రి" అని ఉంది.

ఆనందు ఆ కాగితం మూడుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎవడో ఆట పట్టించినాడులే బావా" అన్నాడు. కాగితం జేబులోకి పోవడానికి చాలాసేపు పట్టింది.

నేను ఆ సాయంత్రం అక్కడేమీ ముట్టలేదు. నా కడుపు సంగతి నీకు తెలుసు, ఎప్పటిలాగే నా రొట్టెలు నేనే తీసుకెళ్ళాను. ఆనందు కూడా మరునాటి ఉపవాసానికని ఏమీ తీసుకోలేదు.

ఓబులయ్య

&nbsp;

నందలూరు
17 ఫిబ్రవరి 2025

ఓబులూ,

ఆలస్యం చేయొద్దు. నూట నలభై మంది ఆ పిల్లను దీవించింది ఆనందు బిడ్డగా కాదు. అమర్ బిడ్డగా. ఆ దీవెన ఊరికే పోదు, పట్టుకుంటుంది.

ఆనందు ఆ మనుషులనే మళ్ళీ పిలవాలి. తన డబ్బుతో, తన చేత్తో పోయాలి. వాళ్ళు ఊరికే పుచ్చుకుని, "నీ బిడ్డ" అని ఆయనతో అనాలి. ఒక్కరు అన్నా కొంత నిలుస్తుంది. ఎవరూ అనకపోతే ధాత్రి ఇక ఆనందు బిడ్డ కాదు. నేను మాటవరసకు అనడం లేదు.

ఇంకొకటి. అమర్ అంత మంచివాడు కదా, తమ్ముడి మీద ఇంత పంతం ఎందుకు పట్టాడు? నువ్వు నా దగ్గర ఏదో దాచావు. అమర్ పోయినప్పుడు కూడా నీ ఉత్తరం నాలుగు వాక్యాలే. రాయి.

నిన్న ఎవరో పెళ్ళి మిఠాయి పెట్టె తెచ్చి అరుగు మీద పెట్టి పోయారట. ఇంకా విప్పలేదు.

శివకుమారి

&nbsp;

నజ్మా, దోహా
3 మార్చి 2025, సోమవారం

అక్కా,

మబ్బుగా ఉంది. మెసైమీర్ గోదాములో బియ్యం బస్తాలు కిందవి పైకి, పైవి కిందికి మార్చి పేర్చాం.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. 2008లో ధాత్రి ఎనిమిదో పుట్టినరోజు ఆనందు ఒక హోటల్లో చేశాడు. అమర్ బావ కూలీల క్యాంపు నుంచి వచ్చాడు. గోధుమరంగు చొక్కా, గోళ్ళ సందుల్లో సిమెంటు. ఆ నెల జీతమంతా జేబులో ఉంది. "అందరికీ ఒక వరస నేను పోస్తా" అన్నాడు. ఆనందు పైఅధికారులు కూర్చుని ఉన్నారు. ఆనందు ఆయన్ను గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, "నీ తాగుడు నీ డబ్బుతో బయట తాగుకో, నా బిడ్డ పండుగలో పోయడానికి నువ్వెవరు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా పని కాదని ఊరుకున్నాను. బావ ఆ గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. ఏడు నెలలకు క్యాంపులో నిద్రలోనే పోయాడు.

నీ ఉత్తరం ఇరవై ఏడున చేరింది. చేరేలోపే మొదలైంది. అత్తవారింటి నుంచి ధాత్రి వచ్చి, గుమ్మంలో ఆనందును చూసి, "బాగున్నావా చిన్నాన్నా, నాన్న లేడా?" అంది. ఆనందు తమాషా అనుకుని, "నేనే కదమ్మా నాన్నను" అన్నాడు. ధాత్రి నవ్వి, "నీకెప్పుడూ ఆటలే చిన్నాన్నా" అని లోపలికి వెళ్ళింది.

మరుసటి వారం నేను వెళ్ళేసరికి ప్రతిమ ముందు గదిలో సోఫా మీద దుప్పటి వేస్తోంది.

"ఎవరికమ్మా?"

"మరిదికి అన్నయ్యా. పెండ్లికి వచ్చి నెలైంది, ఇంకా పోలేదు. ఒంటిమనిషి కదా, ఆయన కూడా ఏమీ అనడు."

ఆయన అంటే ఎవరని అడగకుండా లోపలికి తొంగిచూశాను. ఆనందు ఆ గదిలోనే ఉన్నాడు. వింటున్నాడు. లోపల భోజనాల బల్ల మీద రెండు కంచాలు పెట్టి ఉన్నాయి. వరుణ్, ధాత్రి ఆ రోజు రాలేదు.

అక్కడ తాగినవాళ్ళకు, తిన్నవాళ్ళకు అందరికీ అలాగే గుర్తుంది. ఫసీయుద్దీన్ సైతం, "అమర్ సాబ్ బిడ్డ పెండ్లి మంచిగ జేసిండు" అంటున్నాడు. ఏమీ ముట్టనిది నేనూ ఆనందూ మాత్రమే. నేను రోజూ పొద్దున పుస్తకం మొదటి వరసలో "ధాత్రి తండ్రి ఆనందరావు" అని రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టు మళ్ళీ పిలవడానికి ఆనందు ఒప్పుకున్నాడు. కాళ్ళు పట్టుకునైనా పోస్తానన్నాడు. కాని మొన్న శనివారం నుంచి రంజాన్. పండుగ అయ్యేదాకా ఏ హోటలూ పోయదు. నెల ఆగాలి. ఆ మిఠాయి నువ్వు తినొద్దు. ఇది చూసిన వెంటనే పారేయి.

ఓబులయ్య

&nbsp;

నందలూరు
22 మార్చి 2025

చిరంజీవి ఓబులయ్యకు అక్క ఆశీస్సులు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. నేను కులాసాగా ఉన్నాను. మామిడి ఈసారి బాగా పూసింది.

అమర్ పంపిన మిఠాయి చాలా బాగుంది, ఇరుగుపొరుగు అందరికీ పెట్టాను. పారేయమని ఎందుకు రాశావో అర్థం కాలేదు, అప్పటికే సగం అయిపోయింది. బిడ్డ పెళ్ళి ఎంత ఘనంగా చేశాడో చూసినవాళ్ళు చెబుతుంటే కడుపు నిండింది. వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపి తన చేత్తో ఇచ్చాడట. తండ్రి అంటే అట్లా ఉండాలి.

ఆనందు గురించి నువ్వు రాసింది చదివితే జాలి వేసింది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. అన్న బిడ్డను తన బిడ్డ అనుకుంటున్నాడేమో పాపం. అన్నావదినల ఇంట్లో ఎన్నాళ్ళని ఉంటాడు? నీ గదిలో ఒక మంచం ఖాళీ ఉంటే తీసుకెళ్ళు. నీ మాట వింటాడు.

ఆనందును మళ్ళీ అందరినీ పిలవమని నేను చెప్పానని రాశావు. నేనేం రాశానో నాకు గుర్తు లేదు. ముసలిదాన్ని, పట్టించుకోకు. వేళకు తిను.

శివకుమారి

&nbsp;

నజ్మా, దోహా
5 ఏప్రిల్ 2025, శనివారం

అక్కకు నమస్కారాలు.

పొద్దున్నే ఎండ. గాలి లేదు. గది ఊడ్చి, నీళ్ళ డ్రమ్ము కడిగి నింపాను.

ఆనందు నా గదికి వచ్చి పది రోజులైంది. ఫసీయుద్దీన్ సెలవు మీద వెళ్ళాడు, అతని మంచం ఇచ్చాను. ఈ ఉత్తరం నీకు అర్థం కాదని తెలుసు. అయినా నీకు కాక ఎవరికి రాయను? ఒకప్పుడు నువ్వే చెప్పిన పని నిన్న సాయంత్రం చేశాం. అది రాసిపెడుతున్నాను.

అదే హోటలు. ఆనందు మొత్తం ముందే కట్టేశాడు. పిలిస్తే నలభై మంది వచ్చారు. గుమ్మం దగ్గర తానే తట్ట పట్టుకుని నిలబడ్డాడు. వచ్చిన ప్రతి మనిషికీ గ్లాసు అందిస్తూ, "నా బిడ్డ పెండ్లి, పుచ్చుకోండి" అన్నాడు.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఎగతాళి చేయలేదు. అందరూ మంచివాళ్ళే. గ్లాసు తీసుకున్నారు. తీసుకుని తట్టలో నోటు పెట్టారు.

"వద్దండీ, ఇది నాది" అన్నాడు ఆనందు.

"భలేవారండీ" అన్నాడు ఆ కాకినాడ ఆయన. "ఒంటరి మనిషి, మీకెందుకండీ ఖర్చు? ఎవరిది వాళ్ళం ఇచ్చుకుంటాం. ఇందులో తప్పేముంది?"

ఆనందు నా వైపు చూశాడు. నవంబరులో నేను చెప్పిన మాట అది. ఆనందు నోట్లు తీసి వాళ్ళ జేబుల్లో పెట్టబోయాడు. వాళ్ళు నవ్వుతూ మళ్ళీ తట్టలో వేశారు. చివరికి తట్టలో గ్లాసులు అయిపోయి నోట్లు మిగిలాయి.

ధాత్రి, వరుణ్ చివర వచ్చారు. ఆనందు ఆ పిల్లకు నారింజరసం ఇచ్చాడు.

"ఎంతివ్వాల చిన్నాన్నా?"

"ఏమీ వద్దు తల్లీ. ఊరికే తాగు. ఈ ఒక్కటి ఊరికే తాగు."

"అట్లెట్లా చిన్నాన్నా? ఊరికే తాగితే నాన్న ఒప్పుకోడు."

నోటు మడిచి తట్టలో పెట్టింది. రసం తాగింది. "పొద్దు పోకముందే రమ్మన్నాడు నాన్న" అని భర్తతో బయలుదేరింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, పక్కన ఎవరో దారి ఇచ్చినట్టు తల వంచి, బయటికి నడిచింది.

అప్పుడు ఆనందు నా దగ్గరికి వచ్చాడు. తట్టలో ఒకే గ్లాసు ఉంది, నిమ్మరసం. "నువ్వన్నా బావా" అన్నాడు. అంతే అన్నాడు.

దోహాకు వచ్చిన ఇరవై ఆరేళ్ళలో ఏ విందులోనూ ఏదీ ముట్టని నేను ఆ గ్లాసు పూర్తిగా తాగాను. "నీ బిడ్డ చల్లగా ఉండాలి ఆనందూ" అన్నాను. నీ మాట ప్రకారం ఒక్కరు అన్నా కొంత నిలవాలి. కాని ఊరికే పుచ్చుకుని అనాలి. నేను ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకున్నవాణ్ణి కాదు. ఎవరైనా టీ ఇప్పించినా నా చెయ్యి జేబులోకి పోతుంది, నేను పంపనక్కరలేదు. నిన్న గ్లాసు కింద పెట్టాక నా చెయ్యి ఏం చేసిందో నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

ఈ పొద్దున పుస్తకంలో మొదటి వరస రాయడానికి కొంచెం ఆగవలసి వచ్చింది. పేరు వెంటనే తట్టలేదు. పై పేజీ చూసి రాశాను.

ఆనందు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్ర పోవడం లేదు. నిన్న పొద్దున గదిలోంచి ఎంతతో బయలుదేరానో పుస్తకంలో ఉంది. పర్సు దిండు కింద ఉంది. తీసి చూస్తే తట్టలో నోటు పెట్టానో లేదో తేలిపోతుంది. చూడకుండా ముందు ఖర్చు రాసుకుంటాను, చెయ్యికి అలవాటు కాబట్టి దానికదే రాస్తుంది. నీకూ అదే వరసలో రాస్తున్నాను.

మెట్రో, రెండు రియాళ్ళు.
రొట్టెలు, ఒక రియాలు.
బట్టల సబ్బు, మూడు.
తిరిగి రావడానికి మెట్రో, రెండు.
నిమ్మరసం,